కాయలాన్‌కడ సరుకు: ఒక సెకండ్‌హ్యాండ్ సర్వర్ వెనక కథ



పోయిన నెల సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతుండగా ఒక పెద్దాయన లేచి, "ఏమప్పా, కాయలాన్‌కడ సరుకు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావంట. దానికి సంఘం డబ్బు అడగబోతున్నావంట. నిజమేనా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంఘం డబ్బు ఒక్క పైసా అడగలేదు, అడగను. నా పెన్షన్‌లో కొన్నాను. బిల్లు చూపమంటే చూపిస్తాను. కానీ ఆ కాయలాన్‌కడ మాట మాత్రం ఇంటికొచ్చినా చెవిలోనే ఉండిపోయింది. మైసూరు, బరంపురం వైపు సభ్యులకు ఈ మాట తెలియకపోవచ్చు. మా మదరాసులో పాత ఇనుము, పగిలిన బకెట్లు తూకానికి కొనే అంగడికి ఆ పేరు.

నేను కొన్నది ఒక పాత సర్వర్. పెద్ద కంపెనీలు కొన్నేళ్ళు వాడి తీసేసిన యంత్రం. దాని వెనక అరవై ఏళ్ళ కథ ఉంది. అందులో మన రైల్వే ఉంది, మూర్ మార్కెట్ ఉంది, రిచీ వీధి ఉంది. కొంచెం పొడుగే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు ఎందుకు కొన్నానో చెప్పాలి. మన పెళ్ళి రిజిస్టర్లు, చందా పుస్తకాలు, గ్రూప్ ఫోటోలు 2014లో నేనూ ఇంకో ఇద్దరూ కూర్చుని స్కాన్ చేశాము. మరుసటి ఏడాది డిసెంబరు వరదల్లో ఆఫీసు గదిలోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. బీరువా కింది రెండు అరల్లోని రిజిస్టర్లు ముద్దయిపోయాయి. ఎండబెట్టి విప్పి చూస్తే సిరా అంతా ఒకే నీలం మరక. అంటే ఈ రోజు ఆ పుస్తకాలు లేవు. వాటి బొమ్మలే ఉన్నాయి. ఆ బొమ్మలన్నీ అరచేయంత హార్డ్‌డిస్కులో, ఒకే ఒక్క దానిలో ఉండేవి. పోయిన ఏడాది ఆ డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. కాపీ తీసుకునేలోపలే 43 పేజీలు తెరుచుకోకుండా పోయాయి. ఎవరెవరి అవ్వ, తాతల పెళ్ళిళ్ళు ఆ పేజీల్లో ఉన్నాయో ఇప్పుడు చెప్పగలవాళ్ళు కూడా లేరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్కాన్ చేసినవాణ్ణి నేను. ఒకే డిస్కులో పెట్టుకుని ఊరుకున్నవాణ్ణీ నేనే.

అందుకే నాలుగైదు డిస్కులు కలిసి పనిచేసే, ఒకటి చచ్చినా మిగతావి పని నిలబెట్టే యంత్రం కావాలనుకున్నాను. ఆ జాతిని సర్వర్ అంటారు. రిజర్వేషన్ కౌంటర్‌లో గుమాస్తా ముందు కనబడే తెర సర్వర్ కాదు. వెనక చల్లని గదిలో కూర్చుని అన్ని కౌంటర్లకూ జవాబు చెప్పేదే సర్వర్. కొత్తది కొనే తాహతు నాకు లేదు. పాతది కొన్నాను.

పాతది అంటే మనకు చిన్నచూపు. కానీ ఈ దేశంలో ఆఫీసు కంప్యూటర్ల తొలి రోజులు చాలావరకు పాత యంత్రాల మీదే గడిచాయి. 1959 అక్టోబరులో ఐబీఎం వాళ్ళు 1401 అనే కంప్యూటర్‌ను ప్రకటించారు. ప్రపంచమంతా బ్రహ్మాండంగా నడిచిన యంత్రం అది. దాని జ్ఞాపకశక్తి ఎంత పెంచినా 16,000 అక్షరాలే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం అందులో పట్టదు. ఆ యంత్రాన్ని ఎక్కువమంది కొనలేదు, నెల అద్దెకు తీసుకున్నారు. 1964లో అదే కంపెనీ 360 అనే కొత్త వరుస తెచ్చింది. అమెరికాలో, ఐరోపాలో అద్దెకున్నవాళ్ళు 1401లు తిరిగి ఇచ్చేసి కొత్తవి తీసుకున్నారు. తిరిగొచ్చినవాటిని ఏం చేయాలి?

కొన్ని బొంబాయికి వచ్చాయి. అక్కడ ఐబీఎం కర్మాగారంలో వాటిని శుభ్రం చేసి, బాగుచేసి, మన దేశంలోని ఆఫీసులకు అద్దెకు ఇచ్చారు. యంత్రం పాతదే, అద్దె మాత్రం దండిగా. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 1970ల నడిమిలో ఈ సంగతి పట్టుకుని నిలదీసింది. పక్కదేశాలు తీసేసినదానికి మనం విదేశీ మారకంలో ఇంత ఎందుకు కట్టాలి అన్నది ప్రశ్న.

నా దృష్టిలో తప్పు పాత యంత్రం అమ్మడంలో లేదు. బాగుచేసిన 1401 బాగానే లెక్క చేసింది. అసలు ఇబ్బంది వేరే. యంత్రం మనది కాదు, దాని మూత తీసే హక్కు మనది కాదు, మరమ్మతు విద్య మనది కాదు. అద్దె ఆగితే యంత్రం వెళ్ళిపోతుంది. అమెరికాలో ఈ కట్టు ముందే తెగింది. 1956 జనవరిలో అక్కడి కోర్టు ఒప్పందం ప్రకారం ఐబీఎం తన యంత్రాలను అద్దెకే కాకుండా అమ్మాలి, బయటివాళ్ళు మరమ్మతు చేయడానికి విడిభాగాలు ఇవ్వాలి. దాంతో అక్కడ సెకండ్‌హ్యాండ్ వ్యాపారం పుట్టింది. మనకు అలాంటి కాగితం లేదు.

మన రైల్వేలోనూ 1401 ఉండేది. 1960ల్లో జోనల్ రైల్వేలకు, ఉత్పత్తి కర్మాగారాలకు వచ్చింది. జీతాల పట్టీలు, స్టోర్స్ లెక్కలు, సరుకు రవాణా లెక్కలు దానిమీద నడిచేవి. నేను 1982లో గుమాస్తాగా చేరినప్పుడు మా సీనియర్లు ఖాళీ పంచ్‌కార్డుల వెనకవైపు కాఫీ బాకీలు రాసుకునేవారు. గట్టి అట్ట. మడత పడదు. అంత మంచి అట్ట మళ్ళీ చూడలేదు.

1973 నాటి విదేశీ మారక చట్టం వచ్చాక విదేశీ కంపెనీలు ఇక్కడి తమ వాటా 40 శాతానికి తగ్గించుకోవలసి వచ్చింది. ఐబీఎం ఒప్పుకోలేదు. జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉన్నప్పుడు, 1978లో, వ్యాపారం కట్టేసి వెళ్ళిపోయింది. వెళ్ళిపోతే దేశంలో ఉన్న యంత్రాల గతి? అప్పటికే 1975లో ప్రభుత్వం ఒక సంస్థ పెట్టి ఉంది, కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అని. సీఎంసీ. పేరులోనే మరమ్మతు ఉంది చూడండి. తయారుచేసినవాడు వెళ్ళిపోయాక అతని యంత్రాలను నిలబెట్టే పని వాళ్ళ నెత్తిన పడింది. నిలబెట్టారు. మూత తీసి, తీగ తీగా పట్టి చూసి నేర్చుకున్నవాళ్ళే తరవాత పెద్ద పనులకు పూనుకున్నారు.

అందులో ఒకటి మా బతుకులు మార్చేసింది. రైల్వే రిజర్వేషన్.

పాత పద్ధతి తెలిసినవాళ్ళు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ప్రతి బండికి ఒక లెడ్జరు, ప్రతి తేదీకి ఒక పేజీ. ఈ కౌంటర్‌లో ఈ బండికే టికెట్టు. హౌరా మెయిల్ వరుసలో రెండు గంటలు నిలబడినవాడికి సర్కారు ఎక్స్‌ప్రెస్ కావాలంటే మళ్ళీ పక్క వరుస తోక. తిరుగు ప్రయాణానికి తంతి కొట్టాలి, జవాబు రావాలి. లెడ్జరు మా చేతిలో ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో చుట్టాలు ఎక్కువ. లేని చుట్టాలు కూడా పుట్టుకొస్తారు.

1985లో ఢిల్లీలో సీఎంసీ తయారుచేసిన ఇంప్రెస్ అనే పద్ధతి మొదలైంది. దాని కింద నడిచిన యంత్రం డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ వాక్స్ 11/750. మన మదరాసుకు 1987లో వచ్చింది. మొదటి వారం కీబోర్డు మీద నా వేళ్ళు వణికాయి. తమిళ మీడియంలో చదివినవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డులో వరుసగా లేవేమిటి అని నాకు ఒకటే అనుమానం. నెల తిరిగేసరికి ఏ కౌంటర్‌లోనైనా ఏ బండికైనా టికెట్టు ఇస్తున్నాము. లెడ్జరు పోయింది, చుట్టాలూ తగ్గారు.

వాక్స్ ఉన్న గదిలోకి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. అద్దంలోంచి చూసేవాళ్ళం. బట్టల బీరువాలంత పెట్టెలు, చలి, హోరు. ఆ హోరు మళ్ళీ నా మిద్దె గదిలో విన్నాను, ముప్పై ఆరేళ్ళ తరవాత.

1994లో సికింద్రాబాదులో కాన్సర్ట్ అనే కొత్త పద్ధతి పెట్టారు. దాన్ని రాసింది రైల్వే సొంత సంస్థ క్రిస్. 1999 ఏప్రిల్‌కు ఐదు పెద్ద రిజర్వేషన్ కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. మధ్యలో యంత్రాలు మారాయి. కౌంటర్‌లో మాకు తెలియను కూడా తెలియలేదు. పాతవి ఎప్పుడు వెళ్ళాయో కూడా. రైల్వేలో ప్రతి వస్తువుకూ ఆయుష్షు రాసి ఉంటుంది. కోడల్ లైఫ్ అంటాము. కోడలికీ దీనికీ సంబంధం లేదు. ఆ ఆయుష్షు తీరితే కండెమ్డ్ అని రాసి, స్టోర్స్‌కు పంపి, వేలం వేస్తారు. వస్తువు పనిచేస్తోందా అన్నది వేరే సంగతి. కాలం తీరింది, అంతే. కంపెనీల సర్వర్లూ ఇంతే. మూడు నాలుగేళ్ళకో, ఐదేళ్ళకో అద్దె గడువో వారంటీయో తీరుతుంది. వారంటీ లేని యంత్రం మీద బ్యాంకు నడపడానికి ఎవరికీ ధైర్యం ఉండదు. కొత్తది తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేస్తుంది. అందుకని మంచి యంత్రాలు గుత్తగా బయటికి వస్తాయి. 2000, 2001లో అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలు వరుసగా మూతపడ్డప్పుడు ఇంకా పెట్టె తడి ఆరని సర్వర్లు కూడా వేలానికి వచ్చాయి. ఇంట్లో సర్వర్ పెట్టుకునే అలవాటు చాలామందికి అప్పుడే అంటుకుంది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ గుర్తుందా? 1900 నాటి ఎర్ర భవనం. పాత పుస్తకాలు, పాత గ్రామఫోన్లు, పాత గడియారాలు, దొరకనిది లేదు. మా నాయన నాకు కొన్న మొదటి ఇంగ్లీషు డిక్షనరీ అక్కడిదే. ఎవరిదో పేరు కొట్టేసి నా పేరు రాశారు. 1985 మే నెలాఖరులో అది కాలిపోయింది. ఆ తావులో లేచిన పెద్ద భవనంలోనే ఇప్పుడు సబర్బన్ స్టేషనూ, కంప్యూటర్ రిజర్వేషన్ కేంద్రమూ. మదరాసు సెకండ్‌హ్యాండ్ సరుకుకు గుడి లాంటి చోట కంప్యూటర్ వచ్చి కూర్చుంది. ఇక కంప్యూటర్లే సెకండ్‌హ్యాండ్ సరుకు అయినప్పుడు అవి మౌంట్ రోడ్డు పక్కన రిచీ వీధికి చేరాయి. నా చిన్నప్పుడు అక్కడ రేడియో వాల్వులు, ట్రాన్సిస్టర్లు అమ్మేవారు. బెంగుళూరు సభ్యులకు ఎస్పీ రోడ్డు, బొంబాయివాళ్ళకు లామింగ్టన్ రోడ్డు అంటే అర్థమవుతుంది.

రిచీ వీధిలో ఒక మేడమీద గోడౌన్‌లో సర్వర్లు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. కొన్నిటి మీద ప్రోలయంట్ అన్న పేరు చూసి నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ పేరు 1993లో కాంపాక్ కంపెనీ పెట్టింది. అదే కాంపాక్ 1998లో మా వాక్స్ తయారుచేసిన డిజిటల్‌ను కొనేసింది. 2002లో హెచ్‌పీ కాంపాక్‌ను కలుపుకుంది. 2015లో హెచ్‌పీ రెండుగా విడిపోతే సర్వర్ల భాగం హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ అయింది. అంటే అద్దంలోంచి చూడనిచ్చిన ఆ పెట్టెల వంశంవాళ్ళు ఇక్కడ దుమ్ములో బోర్లా పడి ఉన్నారు. నేను చేత్తో తాకాను. ఎవరూ వద్దనలేదు.

నేను కొన్నది ఏ కంపెనీదో చెప్పను, అది ఇక్కడ ముఖ్యం కాదు. 2012 ప్రాంతపు యంత్రం, రెండు ప్రాసెసర్లు, 22 వేల రూపాయలు. వెడల్పు 19 అంగుళాలు. ఏ కంపెనీ సర్వర్ అయినా అదే కొలత. అది కంప్యూటర్లవాళ్ళు కనిపెట్టింది కాదు, నూరేళ్ళ కింద టెలిఫోన్ ఎక్స్చేంజీల నుంచి వచ్చింది. రిలే ర్యాక్ అనేవారు. అమెరికా రైల్వే సిగ్నల్ శాఖలోనూ 1911 నాటికే ఆ మాట ఉంది.

దుకాణంలో వెలిగించి చూపించారు. బాగా వెలిగింది. ఇంకో రెండు ర్యామ్ స్టిక్కులు వేసివ్వండి అని అడిగాను. వేశారు. మళ్ళీ వెలిగించి చూడలేదు. అది నా తప్పు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను, ముప్పై కిలోలకు దగ్గర. ఇంట్లో స్విచ్చి వేస్తే ఫ్యాన్లు విమానంలా అరిచాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఇంటావిడ గడపలో నిలబడి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ మౌనం ఆ పెద్దాయన మాట కంటే గట్టిది.

బండి బ్రేకు పట్టుకుపోతే ఏ పెట్టె దగ్గర దోషమో ఎలా కనుక్కుంటారు? ఒక్కొక్క పెట్టెనూ విడదీసి చూస్తారు. అదే చేశాము. చేశాము అంటున్నాను, ఎందుకంటే మన సభ్యుల్లో ఒకరి కూతురు, ఇంజనీరింగ్ రెండో ఏడాది, ఆ ఆదివారం వచ్చింది. ఒక ప్రాసెసర్, ఒకే ర్యామ్ స్టిక్కు మొదటి గాడిలో, మిగతావన్నీ బయటికి. వెలిగింది. ఒక్కొక్కటే చేర్చుతూ పోతే ఆరు దాకా బాగుంది, ఏడోది పెట్టగానే మళ్ళీ చీకటి. ఆ పిల్ల రెండు స్టిక్కులూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చీటీలు చదివి, "తాతా, దీని చివర ఆర్ ఉంది, దీని చివర ఈ ఉంది" అన్నది. అంతే సంగతి. ఆర్ అంటే రిజిస్టర్డ్ రకం, ఈ అంటే వేరే రకం. రెండూ గాడిలో సరిగ్గానే కూర్చుంటాయి, రెండూ మంచివే, కానీ ఒకే యంత్రంలో కలిసి కాపురం చేయవు. మార్చుకొచ్చాము. దుకాణంవాళ్ళు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. సగం గాడులు ఒక ప్రాసెసర్‌వి, సగం రెండోదానివి. రెండో ప్రాసెసర్ లేకపోతే దాని వైపు పెట్టిన ర్యామ్ కనబడనే కనబడదు. పాడైందనుకుని పారేసేవాళ్ళు ఉన్నారు.

ఆ ర్యామ్ గురించే ఒక మాట. సర్వర్ ర్యామ్ తన తప్పు తానే దిద్దుకుంటుంది. 1940ల చివర అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్త రిలేలతో నడిచే కంప్యూటర్ మీద శని ఆదివారాల్లో తన లెక్కలు పెట్టి వెళ్ళేవాడు. సోమవారం వచ్చి చూస్తే ఎక్కడో తప్పు తగిలి యంత్రం ఆ లెక్కను వదిలేసి ముందుకు వెళ్ళిపోయి ఉండేది. తప్పు ఉందని కనుక్కోగలిగిన యంత్రం అది ఎక్కడుందో కూడా కనుక్కుని దిద్దుకోలేదా అని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంలోంచి పుట్టిన పద్ధతిని 1950లో ప్రచురించాడు. మా క్యాష్‌బుక్కులో అడ్డంగా కూడిందీ నిలువుగా కూడిందీ తాళ పడకపోతే తప్పు ఏ వరుసలో, ఏ నిలువులో ఉందో దొరికిపోతుంది. ఆ రకం తెలివే. ఇంట్లో వాడే మామూలు కంప్యూటర్లలో ఎక్కువవాటికి ఈ సదుపాయం లేదు. మన రిజిస్టర్ల బొమ్మల్లో ఒక చుక్క మారితే ఎవరికీ తెలియదు, పదిసార్లు కాపీ అయ్యాక తెలుస్తుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు సర్వర్ కొనడానికి.

డిస్కుల దగ్గర బాగా దెబ్బతిన్నాను. చవకగా నాలుగు పాత డిస్కులు కొన్నాను. యంత్రం వాటిని చూస్తుంది, పేరు చెబుతుంది, కానీ వాడుకోనంటుంది. పెద్ద స్టోరేజి పెట్టెల్లోంచి తీసిన డిస్కులట. మామూలు డిస్కు 512 బైట్ల ముక్కలుగా రాస్తే, ఇవి సరిచూపు కోసం ఇంకో ఎనిమిది చేర్చి 520గా రాస్తాయి. మళ్ళీ 512కు మార్చాలి, ఒక్కొక్క డిస్కుకు గంటలు పట్టింది. మార్చాక వాటి నడిచిన గంటలు చదివితే ఒకటి 51,000 చూపించింది. అంటే ఆరేళ్ళకు దగ్గరగా ఆగకుండా తిరిగిన చక్రం.    చివరికి ఆ నాలుగూ పక్కన పెట్టి కొత్తవి నాలుగు కొన్నాను. యంత్రం పాతదైతే పరవాలేదు, డిస్కు మాత్రం కొత్తదే ఉండాలని నా అభిప్రాయం. వాటి ఖర్చు యంత్రం కంటే జాస్తి అయింది. ఇది సమావేశంలో చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

చవక డిస్కులు నాలుగు కలిపి ఒక నమ్మకమైన డిస్కులా వాడుకోవడం అన్న ఆలోచనకు 1988లో కాలిఫోర్నియా బర్క్‌లీలో ముగ్గురు, ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్, రెయిడ్ అని పేరు పెట్టి వ్యాసం రాశారు. సర్వర్లో దానికని ఒక ప్రత్యేక కార్డు ఉంటుంది. నేను దాన్ని వాడలేదు. ఆ కార్డు చచ్చిపోతే దాదాపు అదే రకం కార్డు వెతికి తెచ్చేదాకా డిస్కులు చదవలేము. ఇంకో పదేళ్ళకు ఆ కార్డు ఎక్కడ దొరుకుతుంది? అందుకని సాదా కార్డు పెట్టి, సన్ కంపెనీవాళ్ళు 2005లో అందరికీ విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతితో నడుపుతున్నాను. డిస్కులు తీసి ఇంకో కంప్యూటర్లో పెట్టినా చదవవచ్చు.

మిగతావి చిన్న దోషాలు. ప్రతిసారీ తేదీ 2010కి వెళ్ళిపోయేది. బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ, సీఆర్ 2032, మార్చితే సరిపోయింది. పరీక్షిస్తున్నప్పుడు మూత తీసి నడిపాను, చల్లగా ఉంటుందని. తప్పు. మూత ఉంటేనే గాలి దాని దారిలో పోతుంది, తీస్తే ఫ్యాన్లు ఇంకా అరుస్తాయి, లోపల ఇంకా వేడెక్కుతుంది.

ఇక ఫర్మ్‌వేర్ అనేది ఒకటుంది, యంత్రం లోపల కుదురుగా ఉండే ఆదేశాల చిట్టా. దానిలో లోపాలు దిద్దిన కొత్త చిట్టాలు కంపెనీలు విడుదల చేస్తుంటాయి. 2014 ఫిబ్రవరిలో హెచ్‌పీ తన ప్రోలయంట్ సర్వర్లకు కొన్ని చిట్టాలను వారంటీయో, మరమ్మతు ఒప్పందమో ఉన్నవాళ్ళకే ఇస్తామని ప్రకటించింది. పాత యంత్రం కొన్నవాడికి అవి ఉండవు. ఇది చదివినప్పుడు నాకు బొంబాయి 1401లు గుర్తొచ్చాయి. అప్పుడు మూత మనది కాదు. ఇప్పుడు మూత మనదే, లోపలి తాళంచెవి ఇంకొకరిది. కాబట్టి కొనే ముందు అడగవలసిన ప్రశ్న, ఎంత వేగం అని కాదు. దీని ఫర్మ్‌వేర్ ఉచితంగా దొరుకుతుందా, దీని మరమ్మతు పుస్తకం దొరుకుతుందా, దీని విడిభాగాలు వీధిలో ఉన్నాయా అని. నా యంత్రానికి మూడూ ఉన్నాయి. అవి చూసే కొన్నాను.

కొందరు తమ్ముళ్ళు అడిగారు, "అన్నా, ఇంత తంటా ఎందుకు, నెలకు ఇంత కట్టి క్లౌడ్‌లో పెట్టేయవచ్చు కదా" అని. పెట్టవచ్చు. ఒక కాపీ అక్కడ పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, పెట్టాలి కూడా. వరద వస్తే మా మిద్దె గది మాత్రం నిలుస్తుందని ఏముంది? కానీ అది అద్దె ఇల్లు. కట్టే చెయ్యి ఆగితే సామాను వీధిలో ఉంటుంది. ఆ కట్టే చెయ్యి ఈ రోజు నాది.

కరెంటు సంగతి దాచను. యంత్రం ఊరికే కూర్చున్నా 130 వాట్లు తాగుతుంది. రాత్రింబవళ్ళు నడిపితే రెండు నెలల బిల్లుకు 187 యూనిట్లు. అందుకని శనివారం ఉదయం వేసి సోమవారం ఉదయం ఆపుతున్నాను. అప్పుడు 55 లోపల వస్తోంది. మన అవసరానికి ఇంత పెద్ద యంత్రం అక్కర్లేదని, తప్పు దిద్దుకునే ర్యామ్ ఉన్న చిన్న వర్క్‌స్టేషన్ చాలునని ఆ పిల్లే చెప్పింది. నిజమే కావచ్చు. వాక్స్ హోరు మళ్ళీ వినాలన్న నా ఆశ కూడా ఈ కొనుగోలులో కొంచెం ఉందని ఒప్పుకుంటాను.

నాకు ఇప్పుడు 65. సర్వర్ పాస్‌వర్డు, డిస్కులు పెట్టిన వరుస, ఏ గాడిలో ఏ స్టిక్కు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాను. తెలుగులో ఒక పేజీ, పక్కన తమిళంలో ఒక పేజీ. మన పిల్లల్లో ఎక్కువమంది తమిళం పేజీయే చదువుతారని తెలుసు. రిజిస్టర్లలో ఉన్న చేతిరాత తెలుగును చదవగలవాళ్ళు సంఘంలో ఇప్పుడు తొమ్మిది మంది. నేను లెక్కపెట్టాను.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం 10 గంటలకు మా ఇంట్లో యంత్రం మూత తీస్తాము. ఒక డిస్కు కావాలనే బయటికి లాగి, రిజిస్టర్లు ఇంకా తెరుచుకుంటున్నాయా అని అందరి ముందూ చూస్తాము. ఆ పెద్దాయన తప్పక రావాలి, ఆయనే లాగాలి. వచ్చేవాళ్ళు ఇంట్లో పాత పెళ్ళి పత్రికలు, పెళ్ళి ఫోటోలు ఉంటే తీసుకురండి. పోయిన 43 పేజీల్లో ఎక్కువ 1950ల పెళ్ళిళ్ళు. పత్రికలో పేర్లు, తేదీ ఉంటే ఆ వరుస మళ్ళీ రాసుకోవచ్చు. స్కానర్ సిద్ధంగా ఉంటుంది, మీ కాగితం మీకు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాము. హోరు ఎక్కువ, చంటిపిల్లల్ని కింద గదిలో కూర్చోబెడతాము.